బూడిద రంగు మాట

14 అక్టోబరు 2008, మంగళవారం

మళ్ళీ కరెంటు పోయింది. పొద్దున్నుంచి చేసిన పనంతా గంగలో కలిసింది. ఇన్వర్టర్ కింద షోరూంకు ఉంది గానీ మిద్దె మీద నా కంప్యూటర్‌కు లేదు. చీరలకు చెమట పడుతుంది, నాకు పట్టదు కాబోలు.

"ఏమ్మా హేమా, అయిందా సైటు?" అని ఉదయ్ కుమార్ అన్న గంటకోసారి మెట్లెక్కి వస్తాడు. షావుకారు కొడుకు. బెంగళూరులో ఎంబీఏ చదివి వచ్చాడు. ధర్మవరం చీరను ఇంటర్నెట్లో పెడితే ప్రపంచమంతా ఎగబడి కొంటుందని వాళ్ళ నాయనను ఒప్పించాడు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి ఈ పని ఇచ్చింది ఆయనే. ఆ సంగతి మరిచిపోకూడదని ఇక్కడ రాసుకుంటున్నా.

ఒకటి మాత్రం తేలడం లేదు. పేజీలో ఎడమవైపు చీర, కుడివైపు దాన్ని నేసిన మనిషి ఫోటో, కింద 'నేతగాని మాట'. నేసేవాళ్ళు ఒక్కొక్కరే మా దగ్గరికి వచ్చి, ఆ చోట క్లిక్ చేసి, పేజీలోనే తమ మాట రాసి సేవ్ చేసి పోవాలని ఉదయన్న ఆలోచన. మంచి ఆలోచనే. కానీ ఏమీ రాయని చోటు తెర మీద కనపడదు. నలిగి గీత మాదిరి అయిపోతుంది. ఎక్కడ క్లిక్ చేయాలో దేవుడికే తెలియాలి.

"ఖాళీ పెట్టొద్దమ్మా, దరిద్రంగా ఉండాది. ఏదన్నా ఒక మాట పెట్టు. వాళ్ళు రాసేటప్పుడు అది పోవల్ల, అంతే" అన్నాడు.

ఆ మాట నాకు వింతగా అనిపించలేదు. మా ఇంట్లో కూడా మగ్గాన్ని బోడిగా ఉంచరు. చీరలు కోసేటప్పుడు నాయన పాత పడుగును, అంటే నిలువు పోగులను, జానెడు మగ్గం మీదే వదిలేస్తాడు. షావుకారు కొత్త పడుగు ఇచ్చాక అమ్మ వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతుంది. మా తాత ఎక్కించిన పోగుల వరస అట్లా అతుకు మీద అతుకుగా నాయన దాకా వచ్చింది. బోడి మగ్గం ఉన్న ఇంటిని మా వీధిలో చావు జరిగిన ఇంటి మాదిరి చూస్తారు.

అందుకే ఆ చోటు లోపల ఒక మాట పెట్టాను. ఇది ఇంకా ఎవరూ అన్నది కాదు అని తెలియడానికి బూడిద రంగు వేశాను. 'ఈ చీరను నా చేతులతో నేశాను.' కింద అదే ఇంగ్లీషులో. రాసుకుని నేనే మురిసిపోయాను.

16 అక్టోబరు

క్లిక్ చేస్తే మాయమవుతోంది. ఏమీ రాయకుండా పక్కకు పోతే మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. ఈ ఊళ్ళో నేను చెప్పినట్టు విన్నది ఇదొక్కటే.

ఇంట్లో మాత్రం ఏదీ చెప్పినట్టు వినడం లేదు. ఏడాదంతా ముఖం చాటేసిన వాన, ఊళ్ళల్లో శనక్కాయ చేలన్నీ ఎండిపోయాక పోయిన వారం వచ్చింది. వచ్చి నేరుగా మా మగ్గం గుంటలోకి దిగింది. నాయన కాళ్ళు పెట్టుకుని నేసే గుంటలో మోకాలి లోతు నీళ్ళు. చెంబుతో తోడితే కింద నుంచి మళ్ళీ ఊరుతోంది. ఈ వాన నోట్లో మన్ను పడ. రైతుకు అందలేదు, మమ్మల్ని మాత్రం వెతుక్కుంటూ వచ్చింది.

20 అక్టోబరు, సోమవారం

ఉదయన్న, నేను కెమెరా పట్టుకుని వీధి వీధి తిరిగాం. కుళ్ళాయప్ప మామ బీడీ పారేసి, తలకు నూనె రాసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా, నా మొకం చూసి చీర కొంటారా, పారిపోతారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన, నాయన ఒకే ఈడు. ఒకే బడిలో చేరి ఒకే రోజు మానేశారని అమ్మ అంటుంది.

నాయన ఫోటోకు ఒప్పుకోలేదు. "మగ్గం తడిసి ఉండాది. నేయని మగ్గం ముందర కూచుని బొమ్మ దిగేది ఏమిటికప్పా?" అన్నాడు. నేనే బతిమాలి కూర్చోబెట్టాను. ఫోటో చాలా బాగా వచ్చింది. నుదుట విభూతి, తెల్ల చొక్కా, ఎవరినీ మోసం చేయలేని ముఖం.

"వచ్చి మీ మాట చెప్పిపోండప్పా, పాప రాస్తాది" అని ఉదయన్న అందరికీ చెప్పాడు. అందరూ తలూపారు.

ఎవరూ రారని నాకు అప్పుడే తెలుసు. షావుకారు అంగడి మెట్లెక్కి ఏం మాట్లాడతారు?

25 అక్టోబరు, శనివారం

సైటు వచ్చింది. కింద అందరికీ మైసూర్‌పాక్ పంచారు.

నేను పేజీలు తిప్పి చూశాను. ప్రతి ఫోటో కిందా అదే వాక్యం. బూడిద రంగులో కాదు, నల్లగా. సేవ్ నొక్కినప్పుడు నేను నమూనాగా పెట్టిన మాటను కూడా కంప్యూటర్ ఆ మనిషి అన్న మాటగానే దాచేసుకుంది. ఎవరూ రాలేదు, ఎవరూ నోరు తెరవలేదు, అందరూ ఒకే మాట అన్నారు. ఉదయన్న ఒక్కో చీర ఫోటో పెట్టి, పక్కన ఒక మనిషి ఫోటో తగిలించి, సేవ్ నొక్కుకుంటూ పోయాడు.

తప్పు నాది కాదు. టైపు చేసే మామూలు పెట్టెలకైతే లోపలి మాటను వేరుగా గుర్తుపట్టొచ్చు, పేజీలోనే రాసుకునే చోటుకు ఆ వసతి లేదు. అది ఎవరు తయారుచేశారో వాళ్ళ తప్పు.

అంతకన్నా ఘోరం, నాయన ఫోటో పక్కన మామిడిపిందెల అంచు ఉన్న నిమ్మపండు రంగు చీర. ఆ చీర నాయన నేయలేదు. మా మగ్గం మీద నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. కింద మాత్రం, 'ఈ చీరను నా చేతులతో నేశాను. హనుమంతరాయుడు.'

ఉదయన్నను పిలిచి చూపించాను.

"ఏముంది, బాగుండాది కదమ్మా" అన్నాడు.

"నాయన అది నేయలేదన్నా."

"ఎవరో ఒకరు నేసినారు కదా. మీ నాయన మొకంలో ఒక నమ్మకం ఉండాది. పండగ పోనీ, సరిచేస్తాం."

సరిచేస్తానన్నాడు. హడావుడిలో తెలియక పెట్టాడు.

26 అక్టోబరు

నాయనకు చెప్పలేదు.

28 అక్టోబరు, దీపావళి

చెప్పలేదు. పండగ పూట ఎందుకని.

3 నవంబరు, సోమవారం

ఈ రోజు సరిచేశాను. ఇక నమూనా మాటను ఎవరి మాటగానూ దాచదు. ఎవరూ రాయకపోతే లోపల ఖాళీయే. చూసేవాళ్ళకు మాత్రం ఒకే ఒక్క చోట నుంచి ఆ వాక్యం తెచ్చి, బూడిద రంగులో చూపిస్తుంది. నేర్చుకోవడానికి వారం పట్టింది. ఎవరికీ చెప్పుకోవడానికి లేదు, చెప్పినా అర్థమయ్యేవాళ్ళు లేరు, అయినా పొద్దున్నుంచి ఒంట్లో తేలికగా ఉంది.

4 నవంబరు

ఒళ్ళు మండిపోతోంది.

"ఏందమ్మా ఇది, మాటలన్నీ వెలిసిపోయినట్టు ఉండాయి?" అన్నాడు ఉదయన్న.

అవి వాళ్ళ మాటలు కావు కాబట్టి అట్లా ఉన్నాయని చెప్పాను. ఇంకా ఎవరూ రాయలేదు, రాసేదాకా అట్లాగే ఉంటాయి అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు కోపం రాదు. అదే నాకు కోపం.

"నువ్వు చేసిండేది తప్పని ఎవరన్నారు? అంతా అట్లే ఉండనీ. రంగొకటి మార్చు. నల్లగా పెట్టు."

"అప్పుడు నిజంగా వాళ్ళే అన్నట్టు ఉంటుంది కదన్నా."

"చూసేవాళ్ళకు అంత తీరిక యాడుండాది? రంగే కదమ్మా."

మార్చాను. రంగే కదా. మార్చి ఇంటికి వచ్చి అన్నం తినకుండా అమ్మ మీద అరిచాను. పాపం అమ్మ ఏం చేసిందని?

6 నవంబరు

కింద మూటలు దిగాయి. వేరే ఊరి లారీ. బయ్యన్న, అదే అంగడి గుమాస్తా, మూటలు విప్పుతుంటే అటు పోయి నిలబడ్డాను. నిమ్మపండు రంగు, మామిడిపిందెల అంచు. అచ్చుగుద్దినట్టు ఒకటే చీర, మూటల నిండా. మనిషి చేత్తో నేస్తే ఇంత ఒకే మాదిరిగా రాదు. మరమగ్గం చీరలు.

"ఇవి పవర్లూమ్ కదా బయ్యన్నా?" అన్నాను.

"నీ పని కంప్యూటర్‌తో కదా పాపా" అన్నాడు, నా ముఖం చూడకుండా.

తెలియక పెట్టాడని రాసుకున్నాను పన్నెండు రోజుల కింద. ఆ ముక్క కొట్టేద్దామనుకున్నాను. వద్దు, ఉండనీ. నేనెంత తెలివైనదాన్నో నాకే గుర్తుండాలి.

9 నవంబరు

ఈ రోజు కూడా చెప్పలేదు. నాయన ఇసుక, బూడిద కలిపి గుంటలో పోస్తున్నాడు, తేమ లాగేయడానికి. తడిసిన పడుగును కర్రల మీద పైకెత్తి కట్టి, పోగు పోగునూ గుడ్డతో ఒత్తుతున్నాడు. "ఇంకొక వారానికి ఎక్కుతా పాపా" అన్నాడు. నాయన ఫోటో పక్కన ఎన్ని చీరలున్నాయో చూడటం మానేశాను.

12 నవంబరు, బుధవారం

తెలిసిపోయింది. నేను చెప్పేలోగా వీధి చెప్పింది.

కుళ్ళాయప్ప మామ కూతురు బెంగళూరులో ఉంటుంది. అక్కడ ఎవరో ఆఫీసు కంప్యూటర్లో చూపించారట. ఆమె వాళ్ళ నాయనకు ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం కుళాయి దగ్గర అందరూ బిందెలు పెట్టుకుని ఉన్నారు. నాయన, నేను కూడా ఉన్నాం.

"ఏమప్పా హనుమంతా" అన్నాడు కుళ్ళాయప్ప మామ గట్టిగా. "గుంటలో నీళ్ళుండంగనే చీరలు కోస్తాండావంటనే. అదీ పవర్లూమ్ చీరలు. ఆ విద్య మాకూ నేర్పరాదా?"

నాయనకు అర్థం కాలేదు. "ఏంది కుళ్ళాయీ, ఏమంటాండావు?" అన్నాడు నవ్వుతూనే.

"నవ్వొద్దు. పోయినేడు మమ్మల్నందర్నీ తోలుకోని పోయి ఎమ్మార్వో ఆఫీసు ముందర కూచోబెట్టింది నువ్వే కదా? పవర్లూమ్ చీరకు మన పేరు పెట్టి అమ్మితే నాలుక కోస్తా అన్న్యావు. ఇప్పుడు నీ నాలుక యాడ పెట్టుకుంటావు?"

మా వీధిలో సగం మగ్గాలు ఎందుకు ఆగిపోయాయో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాయన నా వైపు తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే చెప్పాల్సింది, ఇది మా నాయన అన్నది కాదు, నేను పెట్టినది అని. నోరు రాలేదు. నిండని బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో చెప్పాను. అంతా. అమ్మ నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది. బీఎస్సీ చదివిన వీపు మీద. "నీ చదువు మన్ను బడ, కన్న తండ్రి నోట్లో అబద్ధం పెడతావా!" అని ఏడ్చింది. నాయన ఒక్కటే అడిగాడు.

"అది తీసేస్తే పోతాదా?"

పోతుందన్నాను.

"అయితే రేపు నేనొస్తా."

13 నవంబరు, గురువారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

నాయన చెప్పులు కింద విడిచి మెట్లెక్కాడు. పెట్టెలో దాచిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఫోటోలో ఉన్నదే. ఉదయన్న లేచి, "రా హనుమంతరాయుడన్నా, కూర్చో. కాఫీ చెప్తా" అన్నాడు. నాయన కూర్చోలేదు.

"నా బొమ్మ చూపించు పాపా."

చూపించాను.

"చదువు."

చదివాను.

"ఈ మాట ఎవరన్న్యారప్పా?" అని ఉదయన్నను అడిగాడు.

"ఎవరూ అనిండేది కాదన్నా. ఊరికే నమూనా. కంప్యూటర్ పెడతాది దాన్ని."

"తీసెయ్యి పాపా."

క్లిక్ చేశాను. వాక్యం మాయమైంది. నాయన ముఖం తేటపడింది. "చాల్లే. ఇంగ అట్లే ఉండనీ. నేను చెప్పేది ఏమీ లేదు" అని వెనక్కు తిరిగాడు. నేను మౌస్‌ను సేవ్ వైపు జరిపానో లేదో, మళ్ళీ వచ్చి కూర్చుంది. 'ఈ చీరను నా చేతులతో నేశాను.'

నాయన చూశాడు. వంగి, మౌస్ మీద తన వేలు పెట్టి, నేను చేసినట్టే నొక్కాడు. పోయింది. పక్కకు జరిగాడు. వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. ఈసారి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, కదిలితే ఎక్కడ వస్తుందో అన్నట్టు. చెయ్యి తీయగానే వచ్చింది.

"నేను నోరు మూసుకుంటే నా నోట్లో ఈ మాట పెడతాంది" అన్నాడు. "ఊరకుండేకి కూడా లేదా మనిషికి? ఎవరు చేసినారు దీన్ని ఇట్ల?"

ఉదయన్న నా వైపు చూశాడు. ఆ చూపులో చిన్న నవ్వు కూడా ఉంది.

"నేనే నాయనా" అన్నాను.

నాయన నా వైపు చూడలేదు. "అయితే రాయి" అన్నాడు. "నా పేరు హనుమంతరాయుడు. ఈ చీర నేను నేయల్యా. నా మగ్గం గుంటలో నీళ్ళుండాయి. రాసినావా? దాన్ని దాచు."

రాశాను. నాయన అన్నది అన్నట్టే, అక్షరం మార్చకుండా. సేవ్ నొక్కాను. తెర మీద నల్లగా నిలబడింది. నాయన కదిలాడు, మళ్ళీ చూశాడు. పోలేదు.

ఉదయన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "అన్నా, ఒక మాట అడుగుతా. నీ మగ్గం మీదుండే పడుగు ఎవరిది?"

"నీదేనప్పా."

"పట్టు?"

"నీదే. జరీ నీదే. చెయ్యి మాత్రం నాది" అని నాయన మెట్లు దిగిపోయాడు.

ఆయన చెప్పులు తొడుక్కునే చప్పుడు ఇంకా వినపడుతుండగానే ఉదయన్న నా భుజం మీదుగా వంగి, నాయన మాటలను తుడిచేసి, సేవ్ నొక్కాడు. అంతే చేశాడు. మిగతాది ఆయన చేయనక్కర్లేదు. ఆ చోటు ఖాళీ అయింది కాబట్టి నేను నేర్పినట్టే నా వాక్యం పరుగెత్తుకుని వచ్చి నాయన ఫోటో కింద కూర్చుంది.

"వచ్చే వారం బెంగళూరులో పెద్ద అంగడివాళ్ళకు చూపించల్ల. ఏమీ ముట్టుకోవద్దు" అన్నాడు.

ఈయనకు నేను కృతజ్ఞురాలినని రాసుకున్నాను. మొదటి పేజీలోనే ఉంది.

14 నవంబరు

పనికి పోయాను. ఇంట్లో మగ్గం ఆగి ఉంది, నేను కూడా మానేస్తే ఎట్లా? అందుకే పోయాను. వేరే కారణం లేదు.

15 నవంబరు

నాయన అడగలేదు, అది ఉందా పోయిందా అని. ఉందని అనుకుంటున్నాడు. తన మాట అక్కడ నిలబడి ఉందని నమ్మి, ఈ రోజు తల ఎత్తుకుని కుళాయికి పోయాడు. కుళ్ళాయప్ప మామ తన బిందెను జరుపుకున్నాడు.

17 నవంబరు

ఎవరి మీద కోపం వస్తుందో కూడా తెలియడం లేదు. బయ్యన్న మీద, బస్టాండు దగ్గర హారన్ కొట్టిన లారీ మీద, మౌస్ మీద. ఒట్టిది. తెలుసు ఎవరి మీదో. ఉదయ్ కుమార్ మీద. 'అన్న' అని రాయడం ఈ రోజుతో మానేస్తున్నా.

18 నవంబరు

నాయన తనది తాను తుడుచుకోలేడు. నేను మళ్ళీ రాసినా ఉదయ్ కుమార్ మళ్ళీ తుడుస్తాడు. పొద్దంతా అదే ఆలోచన. కుళ్ళాయప్ప మామది, మిగతావాళ్ళవి కూడా అంతే. వాళ్ళ ఫోటోల పక్కన కూడా అవే మూటల చీరలు.

వాళ్ళు మాట్లాడితే తుడవగలడు. వాళ్ళు మాట్లాడకపోతే ఏం కనపడాలన్నది మాత్రం ఒక్క చోటే ఉంది. ఆ చోటు ఎక్కడుందో అతనికి తెలియదు. నాకు తెలుసు.

ఇంత తేలిక సంగతి తట్టడానికి ఇన్ని రోజులా!

20 నవంబరు, గురువారం

ఉదయ్ కుమార్ బెంగళూరు పోయాడు, పెద్ద అంగడివాళ్ళకు చూపించడానికి. పొద్దున పదకొండుకు కూర్చుంటారని బయ్యన్న అన్నాడు. కరెంటు ఉంది. ఉండింది, ఆశ్చర్యం.

ఒక్క వాక్యం తీసి ఒక్క వాక్యం పెట్టాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

'ఈ చీర నేసింది ఎవరో ఇంకా ఎవరూ చెప్పలేదు.'

ఒక్కో పేజీ తెరిచి చూశాను. నాయన ఫోటో కింద అదే. కుళ్ళాయప్ప మామ కింద అదే. నిమ్మపండు రంగు చీరలన్నిటి కిందా అదే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది.

పదకొండున్నరకు అంగడి ఫోన్ మోగింది. బయ్యన్న కింద నుంచి, "పాపా, నీకే. చానా కోపంగా ఉండాడు" అని అరిచాడు. కోపం రాని మనిషికి వచ్చింది. దిగి పోయి తీసుకున్నాను.

"ఏం చేసినావే? అందరి ముందర పరువు తీస్తావా? ఆ మాట ఎవరు పెట్టమన్న్యారు?"

"ఖాళీ పెట్టొద్దు, ఏదన్నా ఒక మాట పెట్టమన్నారు. రంగు మీరు చెప్పిందే. నల్లదే" అన్నాను.

ఫోన్ పెట్టేసి, చున్నీ తీసుకుని, మెట్ల కింద చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చాను. బయ్యన్న అడ్డం రాలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి నాయనకు మొత్తం చెప్పాను. ఆయన చెప్పించిన మాటను తుడిచేశారని, ఇన్ని రోజులూ నేను దాచానని కూడా. నాయన గుంటలోకి వంగి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. నీళ్ళు ఇంకిపోయాయి. రేపు మగ్గం ఎక్కాల్సిన రోజు.

"పడుగు అడుగుతారు" అన్నాడు.

22 నవంబరు, శనివారం

అడిగారు.

బయ్యన్ననే పంపాడు ఉదయ్ కుమార్. పాపం బయ్యన్న వాకిట్లో నిలబడి లోపలికి రావడానికి సిగ్గుపడ్డాడు. "పడుగు, పట్టు తెమ్మన్న్యాడన్నా. నన్నేమీ అనుకోవద్దు. పాత కొసలు ఉంచుకో, మగ్గం బోడి చేయొద్దు. అంతవరకు నేను చెప్పుకుంటా" అన్నాడు.

నాయన కత్తెర తీసుకున్నాడు. పడుగును కోసి, చుట్ట చుట్టి, తడిసి మరక పడిన చోటు కూడా బయ్యన్నకు చూపించి పక్కన పెట్టాడు. తర్వాత గుంటలోకి దిగి కూర్చుని, ఆ జానెడు కొసల వైపు చూశాడు. అమ్మకు అర్థమైంది. "వద్దు, నీకు దండం పెడతా, దాన్ని ముట్టొద్దు. మీ నాయన ఎక్కించిండేది" అని చెయ్యి పట్టుకుంది.

"మా నాయన ఎక్కించిండేది వరస. పోగులు షావుకారువే" అన్నాడు నాయన. "ఆయప్పది ఒక్క పోగు కూడా నా మగ్గం మీద ఉండకూడదు."

కోశాడు. కోసిన కొసలను వేళ్ళతో ఒక్కొక్కటిగా లాగితే అవి చప్పుడు లేకుండా బయటికి వచ్చాయి. అమ్మ ఎన్నో ఏళ్ళు బూడిద అద్దుకుని అతికినవి. మొత్తం కలిపితే పిడికెడు కూడా కాలేదు. బయ్యన్న వాటిని తీసుకోనన్నాడు. నాయన అతని జేబులో పెట్టాడు.

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఏడుపు కాదు, కోపమే, ఇంకో దారి లేక కళ్ళలో నుంచి వచ్చింది. ఇదంతా చేసింది ఉదయ్ కుమార్ ఒక్కడే అని రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. ఆ మాటను మొదట రాసింది నా వేళ్ళే. రాసి మురిసిపోయింది కూడా నేనే.

25 నవంబరు, మంగళవారం

సైటులో మనుషుల ఫోటోలన్నీ తీసేశారట. చీరలు మాత్రం ఉన్నాయట, పక్కన ఎవరూ లేకుండా. ఈ సంగతి చెప్పింది కుళ్ళాయప్ప మామ. చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు.

వాకిట్లోనే ఆగి, "ఏమప్పా హనుమంతా, ఉండావా?" అని పిలిచాడు. మామ లోపలికి వంగి చూశాడు. మగ్గం కనపడింది. ఆ మనిషి పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్యనే ఉన్నాడు, ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో బీడీ ఆర్పేసి, తల మీది తువ్వాలు తీసేసి లోపలికి వచ్చాడు, చావు ఇంటికి వచ్చినట్టే.

గుంట అంచున కూర్చున్నాడు. తప్పయిందని అనలేదు. మా వీధిలో ఎవరికీ ఆ అలవాటు లేదు.

"నీ మాట తుడిచేసినాడంటనే, వానెమ్మ" అన్నాడు చివరికి. "నా బొమ్మ కింద కూడా ఉండె కదా పాపా? మొదట నువ్వు పెట్టిండేది?"

"ఉండింది మామా."

"నేనొచ్చి చూసుకోలేదు, చూడు. నీ కింద ఉండేది చూసి నిన్ను తిడితి గానీ" అని నాయనకు చెప్పి, గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటికాడ రెండో మగ్గం ఊరికే ఉండాది. రేపు రా."

"పడుగు ఎవరిది?" అన్నాడు నాయన. మూడు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే.

"మా అల్లుడు కొనిచ్చినాడు. షావుకారుది కాదు. వస్తావా రావా?"

"వస్తాలే."

మామ పోయాక అమ్మ పెట్టె అడుగున వెతికి, ఎప్పటిదో నూలు కండె తీసింది. దీపం పెట్టే వేళయింది, బోడి మగ్గం ముందర పెట్టలేనని, ఊరికే నాలుగు నూలు పోగులైనా కడతానని మగ్గం దగ్గరికి వచ్చింది. నన్ను కూడా ఒక కొస పట్టుకోమంది. నేను పట్టుకున్నాను.

నాయన మంచం మీది నుంచి లేచి వచ్చి, నా చేతిలో నుంచి ఆ కొస తీసుకుని, మళ్ళీ కండెకు చుట్టాడు.

"ఏమీ కట్టొద్దు పాపా. ఖాళీగా ఉండాది కదా, ఖాళీగా ఉండాదనే కనపడనీ. వచ్చినోళ్ళు అడుగుతారు. అడిగితే చెప్తా."

అమ్మ అట్లాగే దీపం పెట్టింది.